కొత్త డీజిల్ బండిలో ఉదయగిరి, భైరవకోన, మాలకొండ

డీజిల్ బండి కొని నెల్లూరు ట్రంకు రోడ్డులోనే తిప్పుతుంటే ఆ బండికే మంచిది కాదు. బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ ఇంజన్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా ఓ మాదిరి వేగంతో పరుగెత్తాలి. బడికీ బజారుకీ మధ్య తిరిగితే ఆ వేడి రాదు. ఈ సంగతి చెప్పి ఇంట్లోవాళ్ళను ఒప్పించడం నాకు చాలా తేలికైంది.

మాది కియా సెల్టోస్, జీటీఎక్స్ ప్లస్ మోడల్. 1493 సీసీ డీజిల్, ఆరు గేర్ల ఆటోమేటిక్. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైన బండి కాబట్టి మన సీమ సరుకే. 116 పీఎస్ పవర్ అంటే ఈ రోజుల్లో ఎవరూ నోరెళ్ళబెట్టరు. అసలు సంగతంతా 250 ఎన్ఎం టార్క్‌లో, అంటే బండిని లాగే బలంలో ఉంది, అదీ 1500 ఆర్‌పీఎం దగ్గర్నుంచే, ఇంజన్ ఇంకా నెమ్మదిగా తిరుగుతున్నప్పుడే అందుతుంది. మా పాత పెట్రోలు బండిలో లారీని దాటాలంటే ముందు ఏసీ కట్టేసేవాణ్ణి. ఇందులో అమ్మానాన్నలతో కలిపి అయిదుగురం ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని, ఏసీ ఫుల్లుగా వేసుకున్నా రొప్పు లేదు. కొత్త ఇంజన్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు అరిపించొద్దని మాన్యువల్‌లో ఉంటుంది గనుక, ఆ వెయ్యీ దాటాకే బయల్దేరాం.

శనివారమే ఎంచుకోవడానికి కారణం మాలకొండ. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గుడి వారంలో శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మిగతావన్నీ దాని చుట్టూ అమర్చుకున్నవే.

నెల్లూరు నుంచి కావలి దాకా ఆరు లైన్ల హైవే. దాని గురించి చెప్పడానికేమీ లేదు, వంద దగ్గర పెట్టుకుని కూర్చోవడమే. ఈ దారిలో తరచూ తిరిగేవాళ్ళకు 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ ఏడాది పాసు లాభం: వచ్చినప్పుడు 3000 రూపాయలకు 200 ట్రిప్పులు. కావలి బైపాస్ పక్కన రేకుల పాకలో కారం దోసె తిన్నాం. పెనం మీదే ఎర్రకారం మెత్తి, పప్పుల పొడి చల్లి, అంచులు కరకరలాడేదాకా ఆగి తీస్తున్నాడు. పక్కనే అద్దాల రెస్టారెంటు ఉంది, అందులో బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి, దోసె మాత్రం చప్పగా ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు రెండూ వాడుకోవాల్సిందే.

కావలి నుంచి ఉదయగిరి వైపు తిరిగాక బండి అసలు గుణం బయటపడింది. రెండు లైన్ల దారి, ముందు పొగాకు బేళ్ళ లారీ, ఎదురుగా బస్సు. ఇలాంటి చోట వంద దాటే వేగంతో పనిలేదు, నలభై నుంచి ఎనభైకి ఎంత తొందరగా చేరుతుందన్నదే లెక్క. యాక్సిలరేటర్ సగం తొక్కగానే ఒక గేరు దిగి, చిన్నగా గుర్రుమని, లారీ వెనకబడిపోయింది. స్పోర్ట్ మోడ్ పెట్టి చూశాను గానీ అందులో గేర్లను పట్టుకు వేలాడుతుంది, ఇంట్లోవాళ్ళతో ఉన్నప్పుడు చిరాకు. నార్మలే మేలు.

గతుకుల దగ్గర లెక్క వేరు. మా బండికి 18 అంగుళాల చక్రాలు, వాటికి టైరు గోడ సన్నం. చూడ్డానికి ఠీవిగా ఉంటుంది, గుంత మాత్రం నడుముకు తెలుస్తుంది. వెనక కూర్చున్న అమ్మ, "మెల్లంగా పోనీ అబ్బయా, ఇది కారా ఎద్దులబండా?" అంది. ఎక్కువ లోడుకని టైర్లలో గాలి ఎక్కువ కొట్టించి ఉన్నాను, ఉదయగిరిలో కొంచెం తగ్గించాక ఫర్వాలేదనిపించింది. డోరు ఫ్రేము మీద ఉండే స్టిక్కరు చూసి కొట్టించుకోవడమే సరైన పద్ధతి.

ఉదయగిరి దుర్గాన్ని కిందినుంచే చూశాం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఇది, పైకెక్కాలంటే దానికే ఒక పూట కావాలి. ఊళ్ళో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళ దగ్గర మా ఆవిడ చాలాసేపు నిలబడింది. ఉలితో గంటు పెట్టి, ఆకురాయితో రుద్ది, పిడి చివర చిన్న పువ్వు దించుతున్నారు. బేరం ఆడబుద్ధి కాలేదు. భోజనానికి మాత్రం ఇక్కడ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. డీజిల్, మంచినీళ్ళు మాత్రం ఇక్కడే నింపుకోండి.

సీతారామపురం మీదుగా భైరవకోన. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, కాలిబాటన నడుస్తూనే ఒకదాని తర్వాత ఒకటి చూడొచ్చు. రాతి లోపల చల్లగా, కొంచెం నూనె వాసనగా ఉంటుంది. ద్వారపాలకుల మొహాలు అరిగినా నడుము దగ్గర బట్ట మడతలు ఇంకా పదునుగానే ఉన్నాయి. వానలు పడ్డాక వెళ్తే పైనుంచి జలపాతం నిండుగా దూకుతుంది. ఎండాకాలంలో సన్నటి ధారే. రాళ్ళు పాచిపట్టి జారుతాయి, పిల్లల చెయ్యి వదలకూడదు. ఉండటానికి చక్కటి గదులు కావాలనుకునేవాళ్ళు ఇక్కడ రాత్రి ఆగే ఆలోచన పెట్టుకోవద్దు. నన్నడిగితే ఈ మొత్తం ప్రయాణంలో ఒక్కచోటే చూడాలంటే ఇదే.

పామూరు దాటి మాలకొండ చేరేసరికి జనం కిటకిట. ఘాట్ రోడ్డులో ముందు ఆటోలు, వెనక బస్సు, ఆగి ఆగి ఎక్కాలి. ఇక్కడ ఆటోమేటిక్ విలువ తెలిసింది. ఎత్తులో బ్రేకు వదిలినా బండి వెంటనే వెనక్కి జారకుండా పట్టి ఉంచుతుంది, క్లచ్ కాలిన వాసన మన బండిది కాదని ధైర్యం. పైన అమ్మవారి దగ్గరికి బండరాళ్ళ నడుమ ఇరుకు సందులోంచి వెళ్ళాలి. నాన్న సందు మొదట్లో ఆగి పొట్ట తడుముకుని, తర్వాత పక్కకి తిరిగి నెమ్మదిగా నడిచేశారు. చెప్పుల స్టాండు, పార్కింగు దగ్గర గందరగోళం ఉంది, చిల్లర దగ్గర పెట్టుకోవడం మంచిది.

రాత్రికి ఒంగోలు. హోటల్ పేరు చెప్పను గానీ, ఫోటోల్లో కనిపించిన పార్కింగు నిజానికి సెల్లార్. దిగే ర్యాంపు నిటారుగా ఉంది, మలుపు దగ్గర స్తంభం. వాచ్‌మన్ "రా రా" అంటూ చెయ్యి ఊపుతున్నాడేగానీ అతనికి బండి ఆ వైపు మూల కనిపించడం లేదు. కెమెరాలో చూసుకుంటూ దిగాను. గదులు శుభ్రం, వేడినీళ్ళు మాత్రం పొద్దున ఎనిమిది దాటితే లేవన్నారు. పెద్ద బండి ఉన్నవాళ్ళు గది బుక్ చేసే ముందు ఫోన్ చేసి పార్కింగు పైనా కిందా అని అడిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆదివారం పొద్దున్నే కొత్తపట్నం బీచ్, తర్వాత ఊళ్ళో అల్లూరయ్య మైసూర్‌పాక్, మళ్ళీ హైవే. మైలేజీ కంపెనీ చెప్పే అంకె లీటరుకు 19.1 కిలోమీటర్లు. హైవేలో మాకు దాదాపు అంతే వచ్చింది, ఉదయగిరి, మాలకొండ వైపు పదిహేను దగ్గరికి దిగింది. తిరుగు దారిలో అమ్మ ముందు సీట్లో కూర్చుంది. నాన్న వెనక్కి మారి, తరవాతి టైర్లు మార్చేటప్పుడు 17 అంగుళాలవి వేయించమని పట్టుబట్టారు. నాకింకా మనసొప్పలేదు.