సింకోనిడిన్ లవణం: ఆరేళ్ల వాడకం తర్వాత

పరవాడలో ప్రాసెస్ ఆర్ అండ్ డీ పని నాది. చాలా అమైనో ఆమ్లాలు కుడి, ఎడమ చేతుల్లా రెండు అద్దపు రూపాల్లో (ఎస్, ఆర్) ఉంటాయి. వాటిలో ఎస్ రకం కావలసినప్పుడల్లా ఆరేళ్లుగా ఒకే ఉత్ప్రేరకం వాడుతున్నాను: సింకోనిడిన్‌కి ఆంత్రసినైల్‌మిథైల్ తగిలించిన అమ్మోనియం లవణం. క్వినైన్ ఇచ్చే సింకోనా బెరడులోదే ఈ సింకోనిడిన్ కూడా.

మొదట్లో నేను చేసిన తప్పు, అంతా పొడిగా ఉంచాలని తంటాలు పడటం. 1997లో అమెరికా రసాయన శాస్త్రవేత్త కోరీ ఘన సీసియం హైడ్రాక్సైడ్‌తో, బాగా చల్లని ఉష్ణోగ్రతలో చేసిన పద్ధతి చదివి దాంతోనే మొదలుపెట్టాం. ఆగస్టులో విశాఖ ఉక్కపోత తెలిసిందేగా. తూకం వేసేలోపే సీసియం హైడ్రాక్సైడ్ చెమట పట్టి స్పాట్యులాకి అంటుకుపోయేది. ఏ రెండు బ్యాచ్‌లకీ పొంతన ఉండేది కాదు. తర్వాత, బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త లైగో కూడా 1997లోనే చూపించిన దారికి మారాం: టోలుయిన్, 50 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం, గది ఉష్ణోగ్రత. ముందే నీళ్లున్న చోట ఇక గాలిలో తేమతో పేచీ ఏముంది!

క్షారం నీళ్లలో, గ్లైసిన్ ఇమైన్ (కొత్త అమైనో ఆమ్లానికి మూలమైన ఎస్టర్) టోలుయిన్‌లో. రెండూ కలిసేది సరిహద్దు దగ్గరే. అక్కడ క్షారం ఇమైన్ నుంచి ప్రోటాన్‌ని లాగేస్తే పుట్టిన రుణ అయాన్ ఎనొలేట్‌తో లవణం జతకట్టి టోలుయిన్‌లోకి లాక్కొస్తుంది, ఒక ముఖాన్ని కప్పేసి రెండో వైపు నుంచే, తగిలించాల్సిన బెంజైల్ బ్రోమైడ్‌ని రానిస్తుంది. ఎల్‌డీఏ (తేమ తగలకూడని బలమైన క్షారం), డ్రై ఐస్ గోల లేదు. ఎస్టర్ మాత్రం టెర్షరీ బ్యూటైల్‌దే వాడాలి. చవక కదా అని మిథైల్ ఎస్టర్ వేసి చూశాం, చాలా వరకు సబ్బైపోయింది, అంటే క్షారానికి ఎస్టర్ విడిపోయింది.

కలపడంలో బద్ధకం పనికిరాదు. ఓ మే నెలలో కరెంటు పోయి స్టిర్రర్, చిల్లర్ రెండూ ఆగాయి. 90 దాటే ఈఈ (ఒక అద్దపు రూపం రెండోదానికంటే ఎంత శాతం ఎక్కువో చెప్పే అంకె) ఆ రోజు, రెండు రూపాల్నీ విడదీసే కైరల్ కాలమ్‌లో 70ల్లో కనిపించింది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు.

లోపాలా? బెంజైల్, అల్లైల్ హాలైడ్‌లతో హాయిగా నడుస్తుంది, మామూలు ఆల్కైల్ హాలైడ్‌లతో నీరసం. గాఢ క్షారంలో ఎక్కువసేపు ఉంచితే లవణమే పాడవుతుంది. ఆర్ రకం కావాలంటే సింకోనిన్ లవణం వాడాలి. అది దీనికి అచ్చమైన అద్దపు బింబం కాదు కాబట్టి అవే అంకెలు వస్తాయనుకోవద్దు. జపాన్ రసాయన శాస్త్రవేత్త మరువోకా తయారుచేసిన స్పైరో ఉత్ప్రేరకం చాలా కొంచెమే పడుతుంది, పనితీరు మెరుగే, ధర చూశాక మాత్రం మేనేజర్ మొహం చూడలేకపోయాను.

అసలు విసుగు ఇమల్షన్, అంటే నీళ్లు, టోలుయిన్ చిలికినట్టు కలిసిపోయి విడిపోకపోవడం. ఉప్పునీళ్లు పోసి, క్యాంటీన్‌లో టీ తాగి వచ్చేసరికి పొరలు విడిపోతాయి. ఒక్కోసారి రెండో టీ కూడా పడుతుంది.