ఫోర్‌హ్యాండ్: ఓపెన్ స్టాన్సా, న్యూట్రల్ స్టాన్సా?

టెన్నిస్‌లో ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతి వైపు నుంచి కొట్టే దెబ్బ) ఎలా నిలబడి కొట్టాలి? సరదాగా ఆడేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. టీవీలో అందరూ ఓపెన్ స్టాన్స్‌లో, అంటే పాదాలు నెట్ వైపు తెరిచి నిలబడి బాదుతుంటే, కోచ్ మాత్రం ఎడమ కాలు ముందుకు వేసి న్యూట్రల్ స్టాన్స్‌లో కొట్టమంటారు. ఎవరి దారి పట్టాలి? కుడిచేతి వాటాన్ని బట్టి చెబుతున్నాను, ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.

నా లెక్కలో దీన్ని తేల్చేది పాదాలు కాదు, భుజాలు. బంతి మనవైపు నేలను తాకేలోపు భుజాలు పక్కకు తిరిగాయా లేదా అన్నదే అసలు విషయం. ఒంటి తిప్పుడు నుంచే దెబ్బకు బలం వస్తుంది. ముందే కుడివైపు తిరిగి ఉండకపోతే, కొట్టేటప్పుడు తిరగడానికి ఏమీ మిగలదు. న్యూట్రల్‌లో ఎడమ పాదం నెట్ వైపు వేయాలంటే తుంటి పక్కకు తిరగాల్సిందే, భుజాలూ దాని వెంటే వస్తాయి. ఓపెన్‌లో రెండు పాదాలూ దాదాపు నెట్ వైపే చూస్తుంటాయి కాబట్టి భుజాలను పనిగట్టుకుని తిప్పాలి. ప్రొఫెషనల్స్ పాదాలు ఎంత తెరుచుకుని ఉన్నా వాళ్ల భుజాలు నెట్‌కి అడ్డంగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తిరిగి ఉంటాయి. చూసేవాళ్లు పాదాలను అనుకరించి భుజాలను వదిలేస్తారు. ఇక మిగిలేది చెయ్యి ఒక్కటే. బంతి సర్వీస్ లైన్ దగ్గరే పడిపోతుంది, లేదా ఎడమకు లాగేసినట్టు పోతుంది. కొన్నాళ్లకు మోచెయ్యి నొప్పి మొదలవుతుంది.

దీనికి మందు ఎడమ చెయ్యి. స్ప్లిట్ స్టెప్ (అవతలివాళ్లు కొట్టేటప్పుడు వేసే చిన్న గెంతు) వేసి దిగగానే ఎడమ చేతిని రాకెట్ మెడ (పిడికి పైన, తీగల చట్రానికి కింద ఉండే భాగం) మీదే ఉంచి, రెండు చేతులతో కలిపి రాకెట్‌ను కుడివైపు తీసుకెళ్లండి. ఛాతీ కుడి సైడ్‌లైన్‌ను చూశాకే ఎడమ చేతిని వదిలి, బేస్‌లైన్‌కు సమాంతరంగా చాపండి. గడ్డం ఎడమ భుజం దగ్గరికి వస్తే సరిగ్గా తిరిగినట్టే.

న్యూట్రల్‌లో భుజాలు అడుగు వెంటే తిరుగుతాయి, అందుకే మొదట అది గట్టిపడాలంటాను. మన స్థాయిలో వచ్చే బంతుల్లో ఎక్కువ భాగం నెమ్మదిగా, పొట్టిగా, నడుము కిందే వస్తాయి. అడుగేయడానికి వ్యవధి ఉంటుంది, మోకాళ్లు వంచడమూ తేలిక. బరువు ముందు కుడి కాలి మీద పడాలి. రాకెట్ ముందుకు కదలకముందే ఎడమ పాదం దిగిపోవాలి. దాని వేళ్లు నెట్ పోస్టు వైపు కొంచెం తెరుచుకుని ఉంటే మోకాలు మెలిపడదు. ఆ అడుగు కుడివైపు అడ్డంగా పడితే తుంటి బిగుసుకుపోయి బంతి కుడికి జారుతుంది. న్యూట్రల్‌లో ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

ఓపెన్ తప్పనిసరయ్యే చోట్లూ ఉన్నాయి: దూరంగా లాగిన బంతి, వేగంగా మీదికొచ్చే బంతి, భుజం ఎత్తుకు లేచే బంతి. దూరపు బంతికి చివరి అడుగు కుడి కాలిదై ఉండాలి. దాని మీద కూర్చున్నట్టు మోకాలు వంచి, నేలను తన్ని లేస్తూ కొట్టాలి. ఎడమ కాలు తిరిగి వచ్చేసరికి మధ్యలోకి వెనుదిరిగే దారి తెరుచుకుని ఉంటుంది. అదే బంతికి ఎడమ కాలు అడ్డంగా వేస్తే ఒకటి రెండు అడుగులు నష్టపోతారు. హార్డ్ కోర్టులో ఈ కుడి కాలి మీద ఆగడం తుంటికీ మడమకూ భారం. నలభై దాటినవాళ్లు వార్మప్ లేకుండా దీన్ని ఆడకూడదు.

సెమీ ఓపెన్ ఈ రెంటి మధ్యది. న్యూట్రల్ కుదిరినవాళ్లకు అదంతట అదే వస్తుంది. ఎడమ కాలు కుడివైపు అడ్డంగా పడే క్లోజ్డ్ స్టాన్స్ పరుగులో వేరే దారి లేనప్పుడు పడేదే, సాధన చేయనక్కర్లేదు. గ్రిప్ (రాకెట్ పట్టుకునే తీరు) సంగతికొస్తే, అరచెయ్యి పిడి పక్కన ఉండే ఈస్టర్న్‌కు న్యూట్రల్ బాగా కలుస్తుంది, అరచెయ్యి ఇంకాస్త కిందికి జరిగే సెమీ వెస్టర్న్‌కు ఓపెన్ కూడా హాయిగా ఉంటుంది.

సాధనకు తోటి ఆటగాడిని సర్వీస్ లైన్ నుంచి చేత్తో బంతులు వేయమనండి. మొదటి పది న్యూట్రల్‌లో. తర్వాతి పది ఓపెన్‌లో, కానీ ప్రతి బంతికీ కుడి కాలి మీద బరువు నిలిపి, ఎడమ చెయ్యి చాచి ఉందో లేదో చూసుకున్నాకే రాకెట్ ఊపండి. ఓపెన్‌లో బంతి మళ్లీ పొట్టిగా పడడం మొదలైతే, వేగం పెంచకుండా న్యూట్రల్‌లో మరో పది ఆడి రండి.