టెక్సస్ మిడిల్ స్కూల్: స్కోరు చూడాలా, గ్రోత్ చూడాలా?

ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు వెతికే తెలుగువాళ్లు బెడ్‌రూముల కంటే ముందు స్కూలు రేటింగ్ అడుగుతారు. రెండు మిడిల్ స్కూళ్లకూ రాష్ట్రం ఇచ్చే ‘ఎ’ గ్రేడు ఉందంటే రెండూ ఒకటేనని వదిలేస్తారు. ఆ ‘ఎ’ ఎలా వచ్చిందో విప్పి చూస్తే తేలికగా వదిలేయరు.

టెక్సస్ పిల్లలు ఏటా రాసే రాష్ట్ర పరీక్షలు స్టార్. వాటి ఫలితాలను రాష్ట్రం మూడు భాగాలు చేస్తుంది. పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారన్నది స్టూడెంట్ అచీవ్‌మెంట్. నిరుటికీ ఇప్పటికీ ఎంత ఎదిగారన్నది స్కూల్ ప్రోగ్రెస్. వెనకబడిన వర్గాల పిల్లల సంగతి క్లోజింగ్ ది గ్యాప్స్. మొదటి రెండింట్లో ఏది ఎక్కువుంటే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం వెయిటేజీ. మొదటి రెండింట్లో తక్కువ వచ్చినది ఈ కూడికలోకి రాదు.

ఒక స్కూలుకు అచీవ్‌మెంట్ 92, ప్రోగ్రెస్ 74, గ్యాప్స్ 88 వచ్చాయనుకుందాం. 92లో 70 శాతం 64.4, 88లో 30 శాతం 26.4, మొత్తం 90.8. అంటే ‘ఎ’. ఇంకో స్కూలుకు అచీవ్‌మెంట్ 74, ప్రోగ్రెస్ 92, గ్యాప్స్ 88 అనుకోండి. దానికీ అదే 90.8, అదే ‘ఎ’. మొదటిచోట బాగా చదివే పిల్లలు చేరారు, చేరాక పెద్దగా ఎదగలేదు. రెండోచోట వెనకబడి వచ్చినవాళ్లను టీచర్లు పైకి లాగారు. కాబట్టి టీఎక్స్‌స్కూల్స్ డాట్ గవ్‌లో స్కూలు పేజీ తెరిచాక పెద్ద అక్షరం దగ్గర ఆగకుండా మూడు భాగాల మార్కులూ విడివిడిగా రాసుకోండి.

అచీవ్‌మెంట్ మార్కుకు మూలం ఒక సగటు. స్టార్‌లో కింది నుంచి పైకి అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని మూడు స్థాయిలు. ఒక్కో స్థాయిని అందుకున్న లేదా దాటినవాళ్ల శాతాలు మూడూ కూడి మూడుతో భాగిస్తారు. 84, 58, 30 ఉంటే సగటు 57 పైచిలుకు. దాన్ని పట్టిక ప్రకారం వందకు మారుస్తారు. ‘మా స్కూల్లో 84 శాతం ప్యాస్’ అని వినబడితే అది అప్రోచెస్ అని గుర్తుంచుకోండి. అప్రోచెస్ అంటే పై తరగతిలో నెగ్గుకు రావాలంటే అదనపు సాయం కావాలని అర్థం. మన ఇళ్లలో ‘బాగా చదువుతున్నాడు’ అనే మాటకు సరిపోయేది మాస్టర్స్ ఒక్కటే. ఇంకో సంగతి: స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో షాన్ రియర్డన్ అనే పరిశోధకుడి బృందం అమెరికా అంతటి స్కూలు డిస్ట్రిక్టుల మార్కులను పోల్చి చూసింది. సగటు స్కోరు కుటుంబాల ఆర్థిక స్థితితో గట్టిగా ముడిపడి ఉందని, ఏటా ఎదుగుదలకు ఆ ముడి చాలా బలహీనమని తేలింది. స్కోరు చూసి ఇల్లు కొంటే చాలావరకు ఇరుగుపొరుగు జీతాలను చూసి కొన్నట్టే.

మిడిల్ స్కూల్లో స్కోరును నమ్మినవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది లెక్కల దగ్గర. ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 తీసుకున్న పిల్లలు ఎనిమిదో తరగతి మ్యాథ్ స్టార్ రాయరు, ఆల్జీబ్రా 1 ఎండ్ ఆఫ్ కోర్స్, అంటే ఆ కోర్సు చివరి రాష్ట్ర పరీక్ష, రాస్తారు. ఆ దారిలో ఉన్నవాళ్లు చాలాచోట్ల ఏడులోనే ఎనిమిదో తరగతి పరీక్ష రాసేస్తారు. అందుకే మంచి స్కూళ్లలోనూ ఏడో తరగతి మ్యాథ్ శాతం పడిపోయి కనిపిస్తుంది; మిగిలినవాళ్లే రాశారు మరి. ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్నవాళ్లను ఆరులో నేరుగా అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో వేయాలని 2023లో చట్టం వచ్చింది కాబట్టి ఈ తేడా తగ్గేది కాదు. ప్రతి స్కూలు ఫలితాలతో రాష్ట్రం ఏటా ఇచ్చే టీఏపీఆర్ రిపోర్టులో ఏడు, ఎనిమిది, ఆల్జీబ్రా 1 వరసలు మూడూ పక్కపక్కన పెట్టుకునే చూడాలి.

అలాగని గ్రోత్‌నూ కళ్లు మూసుకుని నమ్మలేం. స్కూల్ ప్రోగ్రెస్‌లోనూ రెండు పార్టులున్నాయి. పార్ట్ ఎ అసలైన ఎదుగుదల. పార్ట్ బి అంటే పేద పిల్లల శాతం దాదాపు ఇంతే ఉన్న ఇతర స్కూళ్లతో పోలిక. ఇక్కడా రెండింట్లో ఎక్కువదే లెక్క. కాబట్టి ప్రోగ్రెస్‌లో 90 వచ్చినా అది ఎదుగుదల కాకపోవచ్చు. పార్ట్ ఎ తెరిచి చూసుకోవాల్సిందే. మరో లోపం పైన ఉన్న పిల్లలది. నిరుడు మాస్టర్స్, ఈ ఏడూ మాస్టర్స్ అయితే పూర్తి పాయింటు ఇచ్చేస్తారు. ఆ స్థాయి లోపల పిల్లాడు కాస్త జారినా, ఇంకా పైకెళ్లినా ఈ లెక్కకు కనబడదు.

ఆ లోటు కొంత తీర్చేది మ్యాప్ గ్రోత్ పరీక్ష. అది పెట్టే డిస్ట్రిక్టుల్లో సాధారణంగా ఏడాదికి మూడుసార్లు ఉంటుంది, జవాబులను బట్టి ప్రశ్న కష్టం మారుతుంది, రిట్ అనే సొంత కొలమానంలో స్కోరు ఇస్తుంది. అయితే అది మీ పిల్లల గురించి చెబుతుందే తప్ప స్కూళ్లను పోల్చడానికి పనికిరాదు. రిట్‌లో రెండు మూడు పాయింట్లు తగ్గితే కంగారు పడి కోచింగ్‌లో చేర్చకండి, కొలతలో ఆ మాత్రం అటూఇటూ ఉంటుంది.

మరి ఏది మేలు? పిల్లలు మధ్యస్థంగా ఉన్నా, ఇండియా నుంచి కొత్తగా వచ్చి ఇంగ్లిష్ ఇంకా కుదురుకోకపోయినా పార్ట్ ఎ గ్రోత్‌కే ఓటు. అచీవ్‌మెంట్ పదిపాయింట్లు తక్కువైనా ఫరవాలేదు. ఇప్పటికే మాస్టర్స్‌లో ఉన్న పిల్లలకు గ్రోత్ మార్కు చెప్పేది తక్కువ. వాళ్ల కోసం టీఏపీఆర్‌లో మాస్టర్స్ శాతం, ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 రాసేవాళ్లు ఎందరన్నది చూడండి. ఎవరికైనా ఒక్క ఏడాది అంకె చాలదు, కనీసం మూడేళ్లవి కావాలి. నిరుటి ఆరో తరగతిని ఈ ఏటి ఆరో తరగతితో కాక, ఈ ఏటి ఏడుతో పోల్చండి. దాదాపు వాళ్లే ఆ పిల్లలు.

స్టార్ స్థానంలో ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు పెట్టాలని 2025లో చట్టం చేశారు. 2027–28 నుంచి అవి మొదలయ్యాక పాత శాతాలను కొత్తవాటి పక్కన పెట్టి స్కూలు పెరిగిందనో పడిందనో అనడం కుదరదు.