కర్తార్‌పూర్ కారిడార్: ఒక యాత్రా సేవపై సమీక్ష

2019 ఆగస్టులో భారత్, పాకిస్తాన్‌ల మధ్య వాణిజ్యం, రైళ్లు, బస్సులు నిలిచిపోయినా, భారత్‌లోని పంజాబ్‌లో ఉన్న డేరా బాబా నానక్ నుంచి పాకిస్తాన్‌లోని సిక్కుల పుణ్యక్షేత్రం కర్తార్‌పూర్ సాహిబ్ గురుద్వారాకు భారతీయ యాత్రికులు వీసా లేకుండా వెళ్లి అదే రోజు తిరిగి వచ్చే ఈ మార్గం అదే ఏడాది నవంబర్ 9న తెరుచుకుందంటే, ఒప్పందం కుదిర్చినవారి పట్టుదల నిజంగా మెచ్చుకోదగినది. రోజుకు 5,000 మందికి అనుమతి ఇవ్వడం ఉదారమైన నిర్ణయమే. అయితే భారత్ వద్దని కోరినా పాకిస్తాన్ విధించిన 20 డాలర్ల రుసుము పేద భక్తులకు భారమని నా అభిప్రాయం. పాస్‌పోర్టు తప్పనిసరి కావడం మరో అడ్డంకి. అన్నింటికన్నా పెద్ద లోపం భరోసా లేకపోవడం: పాకిస్తాన్‌పై భారత్ సైనిక చర్య ఆపరేషన్ సిందూర్ మొదలైన 2025 మే 7న భారత్ భద్రతా కారణాలతో ఈ దారిని మూసివేసింది. ఉద్రిక్తతలు తగ్గాక ఎంత కాలంలో తిరిగి తెరవాలో ఇరు పక్షాలు ముందే రాసుకోవాలి.