పీటర్ గాబ్రియేల్ తొలి సోలో ఆల్బమ్: ఏడు లెక్కల పాట కోసం కొన్నాను

జెనెసిస్ బ్యాండ్ నుంచి 1975లో బయటికొచ్చిన గాయకుడు పీటర్ గాబ్రియేల్, 1977లో తెచ్చిన మొదటి సోలో ఆల్బమ్ ఇది. ఆల్బమ్ పేరు కూడా తన పేరే. అట్ట మీద నీటి చుక్కలు నిండిన కారు అద్దం, దాని వెనక అతను.

నేను కొన్నది ‘సాల్స్‌బరీ హిల్’ కోసమే. బ్యాండ్‌ని వదిలేసిన మనిషి మనసంతా అందులో ఉంది. తాళం దాదాపు మొత్తం ఏడు లెక్కలే. మృదంగం నేర్చుకున్న చేయి కదా, దానంతటదే ఏడు లెక్కల మిశ్రచాపు తాళం వేసేసింది. మామూలు పాటల అలవాటుకొద్దీ ఎనిమిదో లెక్క కోసం చెవి ఎదురుచూస్తుంది. అది రాదు, పాట ముందుకెళ్లిపోతుంది. కుదురుగా ఉన్న చోటు నుంచి కాలు బయటపెట్టిన వాడి గుండెదడ అచ్చం ఇలాగే ఉంటుందనిపించి, ఆ రాత్రి నాలుగుసార్లు విన్నాను.

‘హియర్ కమ్స్ ద ఫ్లడ్’ మాత్రం బాధపెట్టింది. అంత మంచి పాట మీద నిర్మాత బాబ్ ఎజ్రిన్ గిటార్లు, డ్రమ్స్ మరీ ఎక్కువ పేర్చాడు. గిటారిస్ట్ రాబర్ట్ ఫ్రిప్ 1979 ఆల్బమ్ ‘ఎక్స్‌పోజర్’లో గాబ్రియేలే దాన్ని ఏ హడావిడీ లేకుండా పాడాడు. ముందు అది వినండి.

ఇందులో టోనీ లెవిన్ వాయించిన బేస్ గిటార్ కోసమైనా హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.