ముత్యాలకి రంగు కొనలేదు: ఛత్తా బజార్‌లో మూడు స్క్రీన్ల శుభలేఖ

మా చెల్లి పెళ్లి మాఘంలో. శుభలేఖ బొమ్మ నేనే వేస్తానని సంక్రాంతికి నెల ముందు నోరు జారాను. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేయడమే నా పని కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. తెర మీద బొమ్మ వేయడం వేరు, అచ్చు కోసం వేయడం వేరని నాకు తెలిసొచ్చింది మాత్రం ఛత్తా బజార్‌లో, ఒక చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపులో. ఈ రివ్యూ ఆ షాపు గురించి. పేరు రాయడం లేదు. ఇందులో నా ఫిర్యాదులు కూడా ఉన్నాయి, పైగా ఉన్న పనే తెమలడం లేదని షాపాయన గోల. చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది ఆ బజారు. పెళ్లి కార్డుల షాపులు వరసగా ఉంటాయి. వాటి వెనక గల్లీల్లో ఇలాంటివి చాలా కనిపిస్తాయి.

మొదటిసారి ఐప్యాడ్ పట్టుకుని వెళ్లాను. గణపతి, అరటిచెట్లు, పల్లకి, సన్నాయి, డోలు, మూలన ఒక నెమలి, ఏదీ వదల్లేదు. పల్లకి పరదాకి గులాబీ నుంచి నారింజకి మెల్లగా మారే షేడ్ కూడా వేశాను, దాని మీద నాకు కాస్త గర్వం కూడా. షాపాయన్ని అక్కడ అందరూ చాచా అంటారు, నేనూ అదే అన్నాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, తెర మీద వేలు పెట్టి రంగులు లెక్కపెట్టాడు. పదకొండు. స్క్రీన్ అంటే ఫ్రేముకి బిగించిన సన్నని జాలీగుడ్డ, రంగుకి ఒకటి. దాని మీద స్క్వీజీ అనే రబ్బరు పలకతో ఇంకుని లాగితే కింద కార్డు మీద పడుతుంది. "బేటా, పదకొండు స్క్రీన్లు. కార్డుకి పదకొండుసార్లు లాగాలి. మూడొందల ఇరవై కార్డులు. నువ్వే లెక్క వేసుకో" అన్నాడు. వేసుకున్నాను. మూడువేల అయిదొందల ఇరవై లాగుళ్లు. ఒక్కో రంగూ ఆరడానికి ఒక రాత్రి.

డిజిటల్‌లో కొట్టించుకుంటే ఒక పూటలో అయిపోయేది, ఆయనే ఆ మాట చెప్పాడు. కానీ నాకు వేలితో తడిమితే రంగు చేతికి తగిలే కార్డు కావాలి. సరే, మూడు రంగుల్లో తేగలిగితే చేస్తానన్నాడు. చేతిలో పాత కార్డు ఒకటి పెట్టి, దాని వెనక పెన్నుతో రెండు గుండ్రాలు ఒకదాని మీద ఒకటి గీశాడు. "ఇక్కడ పసుపు, ఇక్కడ నీలం. మధ్యలో ఆకుపచ్చ ఊరికే వస్తుంది. దానికి నేను డబ్బులు తీసుకోను." అయిదు నిమిషాల్లో చెప్పిన ఈ సంగతికి నేను ఈ షాపుకి సగం మార్కులు ఇచ్చేశాను.

మాది మచిలీపట్నం దగ్గర. చిన్నప్పుడు సెలవుల్లో పెడన వెళ్తే, కలంకారీ అచ్చులు వేసేచోట గంటలు గంటలు నిలబడేదాన్ని. గీతకి ఒక టేకు అచ్చు, లోపల నింపే రంగుకి ఇంకో అచ్చు. ఎరుపు రావాల్సిన చోట పటిక కలిపిన అచ్చు వేస్తే అప్పటికి అక్కడ ఎరుపే కనిపించదు, గుడ్డని రంగునీళ్లలో ఉడికించాక బయటపడుతుంది. అంటే అచ్చు వేసేవాడికి చివరి బొమ్మ ముందే బుర్రలో ఉండాలి. ఇంత చూసి పెరిగినదాన్ని, స్టైలస్ చేతికొచ్చేసరికి అంతా మర్చిపోయాను.

ఇంటికెళ్లి నెమలిని తీసేశాను. తర్వాత పల్లకి, తర్వాత డోలు. గణపతిని తీస్తే పెద్దమ్మ ఊరుకోదు కాబట్టి పైన చిన్న గీతబొమ్మగా ఉంచాను. అయినా బొమ్మ కుదరడం లేదు, ఖాళీగా మాత్రం ఉంది. మూడు రోజులు అలాగే పోయాయి. నాలుగో రోజు, నమూనా కోసం ఇంట్లో ఉన్న పాత శుభలేఖలన్నీ ముందేసుకుంటే, ప్రతి దాని మీదా ఒకే శ్లోకం. మీ ఇంట్లోనూ ఉంటుంది, 'జానక్యాః' అని మొదలవుతుంది. నేను ఎప్పుడూ దాటేసే శ్లోకం. ఆ రోజు అర్థం చూశాను. తలంబ్రాల ముత్యాల గురించి అది. సీత దోసిట్లో ఉన్నప్పుడు అవి పద్మరాగాల్లా ఎర్రగా ఉన్నాయట. రాముడి తల మీద పోస్తే మొల్లపూలలా తెల్లగా. అక్కణ్నుంచి ఆయన నల్లని ఒంటి మీదుగా జారితే ఇంద్రనీలాల్లా.

ఒక ముత్యం, మూడు చోట్ల మూడు రంగులు. చాచా గీసిన రెండు గుండ్రాలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

బొమ్మని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ముందు రంగులు, తర్వాత గీతలు. పసుపు, కుంకుమ ఎరుపు, నీలిమందు నీలం. దోసిలికి పసుపు వేశాను, పసుపు రాసిన పెళ్లికూతురి చేతులు కదా. ఆ పసుపు మీదే ఎర్రని చుక్కలు పడితే దోసిట్లో ముత్యాలు కుంకుమరంగులోకి తిరుగుతాయి. తలకీ ఒంటికీ ఎరుపు మీద నీలం. రెండూ కలిసి చిక్కని ముదురు రంగు. తల మీద ముత్యాలున్న చోట ఆ రెండు స్క్రీన్లలోనూ రంగు పడకుండా ఖాళీ వదిలాను, కాగితమే తెల్ల ముత్యం. ఒంటి మీద జారే ముత్యాలకి ఎర్ర స్క్రీన్లో మాత్రమే ఖాళీ, నీలం మామూలుగా వాటి మీదుగా వెళ్లిపోతుంది, కాబట్టి అవి నీలంగా మిగులుతాయి. తోరణం మామిడాకులు పసుపు మీద నీలం. లెక్కేస్తే కాగితం తెలుపుతో కలిపి ఏడు రంగులు, స్క్రీన్లు మూడే. ముత్యాలకంటూ విడిగా ఒక్క స్క్రీన్ కూడా లేదు.

నిజానికి శ్లోకంలో సీత చేతులే ఎరుపు, ఆ ఎరుపే ముత్యాలకి అంటుతుంది. నేను చేతులకి పసుపు రాసి ఆ వరస మార్చాను. మా బాబాయి పట్టుకున్నాడు, అడిగాడు, సమాధానం లేదు.

దీంతో రెండోసారి వెళ్లాను. అప్పటికి నా బొమ్మలో పెళ్లికొడుకు ముఖం ఉంది, పెళ్లికూతురి ముఖమూ ఉంది. చాచా చూడగానే అన్నాడు: "కళ్లు వద్దమ్మా. నీలం ఒక్క మిల్లీమీటరు జరిగితే మీ పెళ్లికొడుక్కి మెల్లకన్ను." నవ్వొచ్చింది కానీ భయం కూడా వేసింది. ఆ రాత్రి కోణమే మార్చేశాను. పందిరి వాసం మీద కూర్చున్న పిచ్చుక కిందికి చూస్తే ఎలా ఉంటుందో అలా. పైనుంచి రెండు చేతులు, కింద ఒక తల, భుజాలు, జారుతున్న ముత్యాలు. ముఖాలే లేవు. ఈ బొమ్మలో అందరూ మెచ్చుకున్నది ఆ కోణాన్నే. అది నా తెలివి అనుకుంటున్నారు, నేనూ సరిదిద్దలేదు.

కొన్ని పనివిషయాలు చెప్పాలి, మీరూ వెళ్తే పనికొస్తాయి. స్క్రీన్ ఇంకు మామూలుగా కింద రంగుని కప్పేస్తుంది. మొదటి ప్రూఫులో, అంటే నమూనా అచ్చులో, నీలం ఎరుపుని పూర్తిగా మింగేసింది, ముదురు రంగు రానే లేదు, ఒంటి మీద ముత్యాలు ఒంట్లోనే కలిసిపోయాయి. నాకు గుండె జారింది. చాచా తాపీగా నీలంలో సగానికి సగం ట్రాన్స్‌పరెంట్ మీడియం, అంటే ఇంకులోంచి కింద రంగు కనిపించేలా చేసేది, కలిపి మళ్లీ లాగాడు. ఫ్రేము ఎత్తగానే కింద ఎరుపు నీలంలోంచి పైకి తేలింది, రేగుపండు బాగా మగ్గితే వచ్చే రంగు. పక్కన స్క్వీజీ కడుగుతున్న కుర్రాడు కూడా తొంగి చూశాడు. ఆ ఒక్క నిమిషం కోసం మళ్లీ డబ్బులు కట్టమన్నా కడతాను.

ఇంకోటి, పక్కపక్కనుండే రంగుల అంచుల్ని అర మిల్లీమీటరు ఒకదాని మీదికి ఇంకోటి ఎక్కేలా గీయండి. లేకపోతే మధ్యలో తెల్ల గీత కనిపిస్తుంది. స్క్రీన్ మీదకి బొమ్మ ఎక్కించేది ఫిల్ము అనే పారదర్శక షీటుతో. ప్రతి రంగుకీ ఫిల్ము విడిగా, నల్లగా ఇవ్వాలి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోడానికి నాలుగు మూలలా ప్లస్ గుర్తులతో. ఎర్ర స్క్రీన్ ఫిల్ము కూడా నల్లగానే ఉంటుంది, నాలా ఎర్రగా ప్రింటు తీసుకెళ్లి నవ్వులపాలు కాకండి.

తెలుగు అక్షరాల దగ్గర వేరే రభస. కింద ముహూర్తం, వేదిక వగైరా మా కాలనీలో ఒక డీటీపీ షాపులో టైపు చేయించాను. వాళ్లది పాత పద్ధతి అను ఫాంటు, నాది ఫోన్లలో వాడే యూనికోడ్, రెండిటికీ పొసగదు. నేను పంపింది వాళ్ల దగ్గర తెరిస్తే వత్తులన్నీ చెల్లాచెదురు, మా చెల్లి పేరు తెలుగో కాదో తెలియని స్థితి. చివరికి నేనే మండలి ఫాంటులో కూర్చి, అక్షరాల్ని గీతలుగా మార్చి ఎర్ర ఫిల్ములోనే కలిపేశాను. దాంతో టెక్స్టుకి వేరే స్క్రీన్ ఖర్చు కూడా తప్పింది. సన్నగీతల ఫాంటు వద్దు, వత్తుల తోకలు స్క్రీన్లో ఎగిరిపోతాయి.

ఇప్పుడు ఫిర్యాదులు. గురువారం ఇస్తానన్న కార్డులు సోమవారం ఇచ్చారు. మధ్యలో నేను ఫోన్ చేస్తే "అయిపోతుంది" తప్ప ఇంకో మాట లేదు. పెళ్లింట్లో ఆ నాలుగు రోజుల టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. తీరా వెళ్తే ముప్ఫై ఎనిమిది కార్డుల్లో నీలం ఎడమకి జరిగిపోయి ఉంది. తల మీద తెల్ల ముత్యాలు సగం సగం చంద్రవంకలయ్యాయి. మొదటి పది కార్డుల్లోనే చూసి ఆపాల్సింది. ఆపలేదు, నాకు చెప్పనూ లేదు. కట్టలు విప్పి నేనే కనిపెట్టాను. అదే నాకు కష్టమనిపించింది.

కారణం వెతికితే సగం తప్పు నాదే. నేను ముచ్చటపడి కొనిచ్చింది హ్యాండ్‌మేడ్ కాగితం, 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండేది. దాని అంచులు చింపినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అందం కోసమే కొన్నాను. స్క్రీన్ కింద బల్ల మీద మూడు అట్టముక్కలు అతికించి ఉంటాయి, పొడుగు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి. ప్రతి కార్డునీ వాటికి ఆనించే పెడతారు, అప్పుడే ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటుంది. అంచే వంకరగా ఉంటే దేనికి ఆనుతుంది? రెండు వైపులైనా తిన్నగా కత్తిరించి ఇవ్వాల్సింది. అది నాకు తెలియదు సరే, ఆయనకి తెలుసు కదా. అడిగితే "నువ్వు ఆ అంచే కావాలన్నావు" అన్నాడు. అన్నమాట నిజమే. కానీ దానివల్ల ఏం జరుగుతుందో ముందే చెప్పి ఉంటే నేను కత్తెర పట్టుకునేదాన్ని.

ఇందులో ఆయన నిజాయితీ కూడా చెప్పాలి. 350 షీట్లిస్తే సెట్టింగుకి పన్నెండు పోయాయి, ముప్ఫై ఎనిమిది జరిగాయి, మూడొందలు మిగిలాయి. ప్రింటింగ్ డబ్బులు ఆ మూడొందలకే తీసుకున్నాడు, అడగకుండానే. లాగుడు ఒక్కోటి నాలుగు రూపాయల చొప్పున 3,600. స్క్రీన్లు మూడు కలిపి 2,100. కాగితం 3,850, కవర్లు 1,920. మొత్తం 11,470 రూపాయలు. బిల్లు మాత్రం ఇవ్వడు, చిన్న చీటీ మీద పెన్సిల్‌తో రాసిచ్చాడు.

తక్కువపడ్డ ఇరవై కార్డులకి, జరిగినవాట్లోంచే కాస్త నయంగా ఉన్నవి ఏరి నా స్నేహితులకి పంచాను. ఇద్దరు "ఆ చంద్రవంకల ఐడియా భలే ఉంది" అని మెసేజ్ పెట్టారు. థాంక్స్ చెప్పాను.

ఇక పెద్దమ్మ పరీక్ష. మా వైపు శుభలేఖలో నలుపు పనికిరాదు. కార్డు చేతికివ్వగానే తల దగ్గర వేలు పెట్టి, "ఇది నలుపేనా?" అంది. కాదు పెద్దమ్మా, ఎరుపు మీద నీలం అన్నాను. నమ్మలేదు. కిటికీ దగ్గరకి తీసుకెళ్లి వాలుగా పట్టుకుని చూసింది. నీలం కాస్త పక్కకి జరిగిన అంచు దగ్గర సన్నగా ఎరుపు కనిపించింది. తన చేతిలో ఉన్నది జరిగిపోయిన కార్డుల్లో ఒకటని నేను చెప్పలేదు. "ఊఁ, ఎరుపే" అని పసుపు గిన్నె దగ్గరకి లాక్కుంది. మూలలు నాలుగూ పసుపు బొట్టుకోసం ఖాళీగా వదిలాను, ఆ ఒక్క పని మాత్రం ముందే ఆలోచించి పెట్టుకున్నాను. హ్యాండ్‌మేడ్ కాగితం మీద తడిపసుపు కాస్త పాకింది. నాకు నచ్చింది, కవర్లకి అంటిందని మా అమ్మకి నచ్చలేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. బొమ్మ గురించి ఆయన ఇచ్చిన సలహాకి అయిదు, పనితనానికి నాలుగు, చెప్పిన టైముకి ఒకటి. పూర్తయిపోయిన బొమ్మ తీసుకెళ్లి అచ్చంగా ఇలాగే కావాలనేవాళ్లు ఇక్కడికి వెళ్లొద్దు, గొడవలవుతాయి. ట్రేసింగ్ పేపరు, రెండు స్కెచ్ పెన్నులు పట్టుకుని, సగం ఆలోచనతో వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం వెళ్లొద్దు, షట్టరు సగం దించి ఉంటుంది. కారు అసలే వద్దు.

చెల్లి పెళ్లయ్యాక ఒక కార్డు ఇద్దామని వెళ్తే, ఆయన దగ్గర అప్పటికే ఒకటుంది. ఇంకుడబ్బాల పైన గోడకి టేపుతో అతికించాడు. చంద్రవంకలదే. మా ఆడపడుచు కూతురి బారసాల కార్డుకి రెండు రంగులు చాలా అని అడిగాను. "ఒక్క రంగులో తెచ్చి చూపించు. ఆషాఢంలో రా, అప్పుడు పెళ్లిళ్లుండవు" అన్నాడు.