గీజరు కిటికీలో మంట రంగు: ఏడేళ్ళ వాడకం తర్వాత

గ్యాస్ గీజరు గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది దాని ముఖాన ఉండే చిన్న అద్దం కిటికీ గురించే. నిమిషానికి 6 లీటర్లు, రెండు లావు బ్యాటరీలు, చలికాలానికో మీట, ఎండాకాలానికో మీట, ఇవన్నీ అందరికీ తెలిసినవే. అగ్గిపెట్టెంత ఉండే ఆ కిటికీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పోయిన జనవరిలో మా ఇంట్లో పెద్ద ప్రమాదం తప్పిందంటే దాని చలవే.

మేముండేది హైదరాబాద్‌లో, మూడో అంతస్తులో. మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతా అవసరాలకు బోరే. గీజరును స్నానాల గదిలో కాకుండా బయట వాష్ ఏరియా గోడకు పెట్టించాం. కుళాయి తిప్పగానే టకటకమని రవ్వలు, వెంటనే నీలి మంట, కరెంటు లేకపోయినా పొగలు కక్కే నీళ్ళు. దీనికి ఏ మరమ్మతూ అక్కర్లేదని చుట్టాలందరికీ చెప్పాను. అలా చెప్పి ఉండాల్సింది కాదు.

ఆ జనవరిలో ఒకరోజు మా అత్తయ్య స్నానం చేసి వచ్చి, "తల దిమ్ముగా ఉందమ్మా" అన్నారు. చలి వల్లేమో అనుకున్నాం. మూడోరోజూ అదే మాట అనేసరికి నాకు అనుమానం వచ్చి, నీళ్ళు వదిలి కిటికీలోకి చూశాను. ఎడమ చివర నాలుగైదు పాయలు పసుపు రంగులో, పొడవుగా, వణుకుతూ మండుతున్నాయి. మిగతావి మామూలుగా నీలంగానే ఉన్నాయి. పైన పొగ బయటికి పోయే సందుల దగ్గర వేలు పెడితే కాటుకలాంటి మసి అంటింది.

మొదట వచ్చిన మెకానిక్ బ్యాటరీలు మార్చి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. మంట చూడమంటే "వెలుగుతోంది కదా" అన్నాడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తర్వాత మా వీధిలో పొయ్యిలు బాగుచేసే పెద్దాయనను పిలిచాను. ఆయన రెగ్యులేటరు కట్టేసి, మీటలు లాగి, పైరేకు విప్పి, బర్నరు ఊడదీసి పాత పేపరు మీద తట్టారు. తుప్పు రాలింది, మసి రాలింది. గాలి లోపలికి వెళ్ళే గొట్టంలోకి సన్నని తీగ పోనిస్తే దూదిపింజలాంటి సాలెగూడు చుట్టుకుని బయటికొచ్చింది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మేము గీజరు ముట్టుకోం. ఆ ఆరేడు నెలల్లో సాలెపురుగు అక్కడ కాపురం పెట్టింది. గాలి సరిగా అందక గ్యాస్ అరకొరగా మండింది. అలా మండినప్పుడే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో ఒంటికి ఆక్సిజన్ సరిగా అందక తల దిమ్మెక్కుతుంది.

గీజరు బయటే ఉంది కదా అన్న ధీమా కూడా అప్పుడే పోయింది. పావురాల బాధ పడలేక రెండేళ్ళ క్రితం వాష్ ఏరియాకు అద్దాల తలుపులు పెట్టించాం. స్నానాల గది తలుపు తెరుచుకునేది అందులోకే. "బయట అనుకుంటున్నారు కానీ ఇది గదే కదమ్మా" అన్నారాయన. రెండు అద్దాలు ఆరోజే తీయించి వల కట్టించాం. అత్తయ్యకు ఆ తలదిమ్ము మళ్ళీ రాలేదు.

గీజరులోకి నీళ్ళు వచ్చే చోట ఉన్న చిన్న జల్లెడలో సగం ఇసుకే. బకెట్టు నిండడానికి ఆరు నిమిషాలు పడుతుంటే ట్యాంకులో నీళ్ళు తక్కువేమో అనుకుంటూ వచ్చాను. రాగి గొట్టంలో బోరు నీళ్ళ సున్నం పేరుకుంది. నిమ్మఉప్పు కలిపిన నీళ్ళు పోసి రెండు గంటలు ఉంచితే బియ్యం కడుగులా తెల్లగా దిగింది. అన్నీ బిగించాక ప్రతి అతుకు మీదా సబ్బు నురుగు రాసి, బుడగలు రాలేదని నాకు చూపించారు. ఇప్పుడు బకెట్టు నాలుగు నిమిషాల లోపే నిండుతోంది.

అప్పటి నుంచి దసరా వెళ్ళగానే, మొదటిసారి వెలిగించకముందే ఆయనను పిలుస్తున్నాను. జల్లెడ మాత్రం రెండు నెలలకోసారి నేనే కడుగుతాను. బర్నరు జోలికి వెళ్ళను.

కొనమంటారా అంటే, మాకు నలుగురికి, గాలి ఆడే చోటు ఉంది కాబట్టి, ఇది బాగానే పనికొచ్చింది. కిటికీ లేని స్నానాల గదిలో పెట్టాలనుకునేవారికి వద్దనే చెబుతాను. ఇంటి దగ్గర నమ్మకమైన మెకానిక్ లేకపోయినా తొందరపడవద్దంటాను. ఈమధ్య దుకాణంలో ఒక కొత్త గీజరు చూపించారు. ముందంతా నల్లటి అద్దం, దాని మీద వెలిగే అంకెలు, ఎంతో అందంగా ఉంది. మంట ఎక్కడ కనిపిస్తుందని అడిగితే, కనిపించదన్నారు. తీసుకోకుండా వచ్చేశాను.